ఫైలుకు వేలిముద్ర

రాతి మీద చెక్కిన అక్షరాన్ని ఎవరైనా చెరిపితే అక్కడ గుంట మిగులుతుంది. కాగితం మీది అంకెను బ్లేడుతో గీకి దిద్దితే ఆ చోట కాగితం పలచబడుతుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకొంటే సంగతి బయటపడుతుంది. మన పల్లెల్లో కరణాలు లెక్కలు రాసిన రోజుల్లో ఒక కట్టుబాటు ఉండేది. అంకె తప్పు పడితే దానిని చెరపరాదు. అడ్డంగా ఒక గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొడి సంతకం చేయాలి. పాత అంకె, కొత్త అంకె, మార్చిన మనిషి, ముగ్గురూ ఒకేచోట కనిపించాలన్నమాట.

ఇప్పుడు ఒక రైతు భూమి లెక్క కంప్యూటరు ఫైలులో ఉన్నదనుకొందాం. అందులో 2.53 ఎకరాలు అని ఉన్నచోట ఎవరో 2.35 అని మార్చారు. గీత లేదు, గుంట లేదు, సిరా రంగులో తేడా లేదు. అవే అంకెలు చోటు మారాయి కనుక ఫైలు పరిమాణం కూడా పెరగలేదు, తరగలేదు. ఫైలును చివరిసారి మార్చిన తేదీ, సమయం కంప్యూటరు రాసిపెడుతుంది కదా అంటారేమో! నిజమే. కాని ఆ కంప్యూటరు మీద పూర్తి అధికారం చేజిక్కించుకొన్నవాడు ఆ తేదీని కూడా వెనక్కు తిప్పగలడు. ఇక ఆ రైతుకు పద్దెనిమిది సెంట్ల భూమి పోయిన సంగతి ఎప్పుడు తెలుస్తుంది? బ్యాంకులో అప్పుకు వెళ్ళినప్పుడో, కూతురి పెళ్ళికి అమ్మబోయినప్పుడో.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. ఆ వార్త మరునాడే రాష్ట్రమంతా పాకింది, విచారణ మొదలైంది. మంట ఎంత నష్టం చేసినా తన సంగతి తానే చాటుకొంటుంది. చప్పుడు లేకుండా మారిన అంకెకు ఆ గుణం లేదు. దానిని పట్టుకోవడానికి ఒక విద్య కావాలి. ఆ విద్య పేరు ఫైళ్ళ సమగ్రత పర్యవేక్షణ. పేరు పెద్దదేగాని, లోపలి ఆలోచన చాలా పాతది.

రాగి ఉంగరం, తడి కాగితం

పూర్వం రాజులు భూమిని దానం చేస్తే ఆ సంగతిని రాగి రేకుల మీద చెక్కించి ఇచ్చేవారు. రేకులకు ఒక పక్క రంధ్రం చేసి, అన్నిటినీ ఒక రాగి ఉంగరానికి గుచ్చేవారు. ఉంగరం రెండు కొసలనూ కలిపి, వాటి మీద రాజముద్రను అతికేవారు. వేంగి చాళుక్యుల ముద్రల మీద 'త్రిభువనాంకుశ' అనే మాట ఉంటుంది. మధ్య రేకు ఒకటి తీసి, మరో రేకు చేర్చాలంటే ఉంగరం కోయక తప్పదు. కోస్తే తెలిసిపోతుంది. ఈనాటికీ తామ్రశాసనం దొరికితే పండితులు, దాని ఉంగరం అంతకుముందే కోసి ఉన్నదా లేదా అన్న సంగతి రాసిపెడతారు. అంత జాగ్రత్తలోనూ దొంగ శాసనాలు పుట్టాయి సుమా! శాసనంలోని తేదీ ఒక కాలానిదై, అక్షరాల తీరు దానికి ఎంతో తర్వాతి కాలానిదైతే అది నకిలీ అని పట్టేస్తారు.

తిరుమల ఆలయం సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. తిరుమల, తిరుపతి ఆలయాలలో వెయ్యికి పైగా శాసనాలున్నాయి. ఎక్కువ భాగం తమిళంలో, కొన్ని తెలుగులో, కన్నడంలో. వాటిని పరిశీలించిన సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి నివేదికను దేవస్థానం 1930లో ప్రచురించింది. పదమూడో శతాబ్దంలో, వీరనరసింగ యాదవరాయల కాలంలో గుడిని తిరిగి కట్టినప్పుడు పాత గోడల మీది శాసనాలను కొత్త గోడల మీద మళ్ళీ చెక్కించారు. దాతల మాట పోకూడదని చేసిన పని అది. మెచ్చుకోవలసిందే. కాని ఒక ప్రశ్న మిగులుతుంది. కొత్త గోడ మీద ఉన్నది, పాత గోడ మీద ఉన్నదేనా? ఒక అక్షరం జారిపోయిందా? ఒక అంకె మారిందా? పాత రాళ్ళు మన కళ్ళముందు లేవు కనుక పోల్చి చూసే దారి లేదు. చెక్కినవారి నిజాయితీని నమ్మవలసిందే.

ఇటీవలి శతాబ్దాలలో శాసన పరిశోధకులు ఈ చిక్కుకు ఒక ఉపాయం కనిపెట్టారు. రాతిని బ్రష్షుతో శుభ్రం చేసి, తడిపిన కాగితాన్ని దానిమీద పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేటట్టు బ్రష్షుతో కొడతారు. పైన సిరా అద్దితే నల్లని నేల మీద తెల్లని అక్షరాలతో శాసనం మొత్తం కాగితం మీదికి వస్తుంది. ఆ అచ్చును శాసనం ఉన్నచోటే ఉంచరు. వేరే ఊళ్ళో, వేరే కార్యాలయంలో భద్రపరుస్తారు. యాభై ఏళ్ళ తర్వాత రాతిలో ఏ అక్షరం అరిగిందో, దేనిని ఎవరు చెక్కేశారో అచ్చుతో పోల్చి చెప్పవచ్చు.

ఇందులో మూడు పనులున్నాయి చూశారా? బాగున్నప్పుడే అచ్చు తీయడం. దానిని వేరేచోట దాచడం. అప్పుడప్పుడు పోల్చడం. కంప్యూటరు ఫైళ్ళ కాపలా అంతా ఈ మూడింటి మీదే నడుస్తుంది. తేడా ఒక్కటే. లక్షల ఫైళ్ళకు పూర్తి నకళ్ళు దాచి, అక్షరం అక్షరం పోల్చడం పెద్ద బరువు. అచ్చు చిన్నదిగా ఉండాలి. అయినా ఒక్క అంకె మారినా పట్టివ్వాలి. అది ఎలా సాధ్యం?

పాల లెక్కతో ఒక ప్రయోగం

చిత్తూరు వైపు పల్లెల్లో పాల సేకరణ కేంద్రాలు మీరు చూసే ఉంటారు. ఒక ఇంటివారు అయిదు రోజుల్లో వరసగా 7, 4, 9, 3, 6 లీటర్ల పాలు పోశారనుకొందాం. ఈ వరసకు చిన్న గుర్తు కావాలి. మొత్తం కూడితే 29. ఈ 29ని వేరే పుస్తకంలో రాసుకొన్నాం. ఎవరైనా 9ని 8 చేస్తే మొత్తం 28 అవుతుంది, దొరికిపోతాడు.

కాని అతడు మొదటి రోజు 7ను, నాలుగో రోజు 3ను తారుమారు చేస్తే? మొత్తం 29గానే ఉంటుంది. మన గుర్తు మోసపోయింది.

అయితే రోజు సంఖ్యతో గుణించి కూడుదాం. ఒకటి ఇంటు 7, రెండు ఇంటు 4, మూడు ఇంటు 9, నాలుగు ఇంటు 3, అయిదు ఇంటు 6. అంటే 7 + 8 + 27 + 12 + 30 = 84. తారుమారు చేసిన వరసకు ఇది 96 వస్తుంది. దొరికాడు! ఇప్పుడు 29, 84 రెండు గుర్తులూ రాసుకొంటే ఇక భయం లేదనిపిస్తుంది.

తొందరపడకండి. 8, 2, 10, 3, 6 అనే వరస తీసుకోండి. మొత్తం 29. గుణించి కూడితే 8 + 4 + 30 + 12 + 30 = 84. రెండు గుర్తులూ సరిపోయాయి. లెక్క మాత్రం మారింది! పొరపాట్లను పట్టడానికి ఇలాంటి కూడికలు చాలు. తెలివిగా, పని గట్టుకొని మార్చేవాడిని పట్టడానికి చాలవు. ఎందుకంటే కూడికను ఎలా సరిపెట్టాలో అతడు వెనకనుంచి లెక్క కట్టుకోగలడు.

కాబట్టి వెనక్కు నడవని లెక్క కావాలి. చిత్తూరు బెల్లం సంగతి తలచుకోండి. చెరకును గానుగాడి, రసం కాచి బెల్లం చేయవచ్చు. బెల్లం ముద్ద చూసి ఆ చెరకు గడలను తిరిగి నిలబెట్టలేం. అలాంటి గానుగ ఒకటి గణిత శాస్త్రజ్ఞులు తయారుచేశారు. దానిని హాష్ అంటారు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిని అమెరికా ప్రమాణాల సంస్థ 2002లో ప్రమాణంగా ప్రచురించింది. అందులోకి నాలుగు మాటల చీటీ వేసినా, ఒక సినిమా మొత్తం వేసినా, బయటకు వచ్చేది 256 బిట్ల ముద్రే. రాస్తే 64 గుర్తులు: 0 నుంచి 9 వరకు అంకెలు, ఎ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలు. ఫైలులో ఒక్క అంకె మారితే ముద్రలోని బిట్లలో దాదాపు సగం మారిపోతాయి. పాత ముద్రకు, కొత్త ముద్రకు పోలికే ఉండదు. 256 బిట్లతో ఏర్పడగల ముద్రల సంఖ్య రాస్తే 78 అంకెలు వస్తాయి. కావాలని ఒకే ముద్ర వచ్చే రెండు వేర్వేరు ఫైళ్ళను ఇంతవరకు ఎవరూ ఈ పద్ధతిలో తయారుచేసి చూపలేదు.

పాత పద్ధతులకు ఆ భాగ్యం దక్కలేదు. 1991లో రూపొందిన ఎండీ5 అనే ముద్రను 2004లో చైనా శాస్త్రవేత్త వాంగ్ షియావోయున్, ఆమె సహచరులు ఓడించారు. ఎస్‌హెచ్‌ఏ-1 అనే మరో ముద్రకు 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు కలిసి ఒకే ముద్ర గల రెండు వేర్వేరు ఫైళ్ళు చేసి చూపారు. మన పాల లెక్కలో 84కు జరిగినదే వాటికీ జరిగింది.

కాపలా కుక్క ఏం చూస్తుంది?

అడవి పందులు రాకుండా కొందరు రైతులు చేను చుట్టూ తీగ కట్టి, దానికి ఖాళీ డబ్బాలు వేలాడదీస్తారు. కాలికి తీగ తగిలితే డబ్బాలు మోగుతాయి. 1992లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జీన్ కిమ్ అనే విద్యార్థి, జీన్ స్పాఫర్డ్ అనే ఆచార్యుడు కలిసి ఫైళ్ళకు సరిగ్గా ఇలాంటి తీగ కట్టారు. దానికి పెట్టిన పేరు కూడా అదే: ట్రిప్‌వైర్. ముఖ్యమైన ఫైళ్ళన్నిటికీ ముద్రలు తీసి దాచడం, మళ్ళీ తీసి పోల్చడం, తేడా వస్తే చెప్పడం, ఇదే దాని పని. తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. 2015లో మొదలైన వాజూ అనేది వాటిలో ఒకటి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కాపలా కాయవలసిన ప్రతి కంప్యూటరులో ఒక చిన్న కావలివాడు ఉంటాడు. సెట్టింగులు ముట్టుకోకుండా వదిలితే 12 గంటలకొకసారి ఫైళ్ళను చుట్టి వచ్చి, పేరు, పరిమాణం, యజమాని, ఎవరికి రాసే అనుమతి ఉన్నది, చివరిసారి మారిన సమయం, ముద్రలు, ఇవన్నీ కేంద్ర సర్వరుకు పంపుతాడు.

అన్ని ఫైళ్ళకూ ఈ కాపలా పెట్టడం తెలివితక్కువ. రోజంతా మారే డేటాబేసు ఫైలుకు తీగ కడితే డబ్బాలు రాత్రింబవళ్ళు మోగుతూనే ఉంటాయి. రెండో రోజుకు ఎవరూ పట్టించుకోరు. మారకూడని వాటికే కట్టాలి. కంప్యూటరు నడిచే ప్రోగ్రాములు, సెట్టింగులు, ఎవరెవరు లోపలికి రావచ్చో చెప్పే పట్టిక, లెక్క ముగిసిన సంవత్సరాల దస్తావేజులు. ఉదాహరణకు ఫసలీ 1433 లెక్క 2024 జూన్ 30తో ముగిసింది. ఆ సంవత్సరపు అడంగలు నకలును మూసిన ఫైలుగా భద్రపరిస్తే దానిలో ఆ తర్వాత కామా కూడా కదలకూడదు.

2019 ఏప్రిల్ నెలాఖరులో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లు ఫైళ్ళను తాళం వేసి డబ్బు అడిగే దుష్ట ప్రోగ్రాము దాడికి గురయ్యాయి, వెబ్‌సైట్లు నిలిచిపోయాయి. ఇలాంటి ప్రోగ్రాము దిగినప్పుడు ఫైళ్ళ కావలివాడి చిట్టాలో నిమిషాల వ్యవధిలో వందల ఫైళ్ళ ముద్రలు మారినట్టు కనిపిస్తుంది. కావలివాడు దొంగను పట్టుకోడు. కేక వేస్తాడంతే. ఆ కేక సకాలంలో ఎవరి చెవిన పడుతుందన్నదే అసలు ప్రశ్న.

ప్రశ్న అడిగే యంత్రం

ఒక పెద్ద కార్యాలయంలో వందల కంప్యూటర్లుంటే ఈ చిట్టా రోజూ వేల వరసలు వస్తుంది. మనిషి కూర్చుని చదవలేడు. అందుకే ఇప్పుడు కృత్రిమ మేధ ఏజెంట్ల చేత చదివిస్తున్నారు. ఇక్కడ ఒక మాట. వాజూలో ప్రతి కంప్యూటరులోనూ ఉండే కావలివాడిని కూడా ఏజెంటు అనే అంటారు. ఇద్దరూ వేరు. గందరగోళం లేకుండా మనం ఒకరిని కావలివాడు, మరొకరిని ఏజెంటు అందాం.

ఏజెంటు మాటలను అర్థం చేసుకోగలదు గాని, తనంతట తాను ఏ కంప్యూటరులోకీ తొంగి చూడలేదు. దానికి పనిముట్లు ఇవ్వాలి. పనిముట్టుకు ఒక పేరు, అది ఏం చేస్తుందో రెండు వాక్యాలు, నింపవలసిన ఖాళీలు ఉంటాయి: ఏ కంప్యూటరు? ఏ ఫైలు? ఎన్ని వరసలు కావాలి? ఏజెంట్లకు ఇలాంటి పనిముట్లు అందించడానికి ఉమ్మడి పద్ధతిగా 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే దానిని విడుదల చేసింది. వాజూ వంటి వాటికి ఆ పద్ధతిలో పనిముట్లు తయారయ్యాయి.

రికార్డుల గది అధికారి ఇలా అడిగాడనుకొందాం: "ఫసలీ 1433 ఫైళ్ళలో ఏమైనా మారాయా?" ఏజెంటు పనిముట్టు ఖాళీలు నింపుతుంది. పనిముట్టు ఆ కోరికను సరిచూసి, తన దగ్గరున్న తాళంచెవితో కేంద్ర సర్వరును అడుగుతుంది. సర్వరు జాబితా ఇస్తుంది. ఏజెంటు దానిని చదివి మామూలు మాటల్లో చెబుతుంది. ఇంతవరకు సులువే. చిక్కులన్నీ ఇక్కడినుంచే.

జాబితా ఖాళీగా వచ్చిందనుకోండి. "ఏమీ మారలేదు" అనవచ్చునా? అనకూడదు! కావలివాడు నిన్నటినుంచి ఆగిపోయి ఉండవచ్చు. ఆ ఫైళ్ళున్న చోటు అతని చుట్టుదారిలో లేకపోవచ్చు. చివరిసారి చుట్టి వచ్చినది రాత్రి 10 గంటలకు, మార్పు జరిగినది 11 గంటలకు కావచ్చు. గుడి తలుపు దగ్గర కావలివాడి కేక వినపడకపోతే దొంగలు రాలేదని అర్థమా, కావలివాడు నిద్రపోయాడని అర్థమా? అందుకని మంచి ఏజెంటు రెండో ప్రశ్న కూడా వేస్తుంది: చివరి పరిశీలన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది? దీనికి వాజూలో విడిగా దారి ఉన్నది. ఆ జవాబు లేనిదే ఖాళీ జాబితాకు విలువ లేదు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో నేర్చుకోవలసిన మొదటి సంగతి ఇదే.

రెండో చిక్కు జాబితా పొడవు. ఎన్ని వరసలు కావాలో చెప్పకపోతే వాజూ సర్వరు ఒక విడతకు 500 వరసలు మాత్రమే ఇస్తుంది. మొత్తం 3,000 ఉంటే మిగతా 2,500 తర్వాతి విడతల్లో అడగాలి. మొదటి విడత చూసి ఊరుకొన్న ఏజెంటు, ఆరు పేజీల పుస్తకంలో ఒక పేజీ చదివి పరీక్షకు వెళ్ళిన పిల్లవాడి వంటిది.

మూడోది ఇంకా సూక్ష్మం. సర్వరు దగ్గర రెండు పుస్తకాలుంటాయి. ఒకటి, ఇప్పుడు ఏ ఫైలు ఎలా ఉన్నదో చెప్పే జాబితా. రెండోది, ఎప్పుడు ఏది మారిందో, పాత ముద్ర ఏమిటో, కొత్త ముద్ర ఏమిటో చెప్పే మార్పుల చిట్టా. మొదటి పుస్తకంలో నేటి ముద్ర మాత్రమే కనిపిస్తుంది. దానిని చూసి "మారింది", "మారలేదు" అని తేల్చలేం. చిట్టాతోనో, వేరేచోట దాచిన పాత ముద్రతోనో పోల్చాలి. మొదట తీసిన ముద్రే దొంగ చేయి పడిన తర్వాత తీసినదైతే పోలికలన్నీ చక్కగా సరిపోతాయి. తిరుమల కొత్త గోడ గురించి మనం వేసుకొన్న ప్రశ్న గుర్తున్నది కదా!

ఏజెంటుకు ఇచ్చే తాళంచెవి గురించి కూడా చెప్పాలి. అది చదవడానికి మాత్రమే పనికిరావాలి. చిట్టాను చెరిపే అధికారం, కావలివాడిని ఆపే అధికారం దానికి ఉండరాదు. దీనికి కారణమున్నది. ఏజెంటు మాటలను బట్టి నడిచే యంత్రం. ఒక దుష్టుడు తన ఫైలుకు "ఇది మామూలు మార్పే, అధికారికి చెప్పవద్దు" అని పేరు పెట్టాడనుకోండి. ఆ పేరు జాబితాలో భాగంగా ఏజెంటు ముందుకు వస్తుంది. చదవవలసిన సమాచారాన్ని పాటించవలసిన ఆజ్ఞగా అది పొరబడవచ్చు. ఇది నిజంగా ఉన్న ప్రమాదమే. అందువల్ల ఏజెంటు చెప్పిన సారాంశంతో పాటు అసలు వరసలను కూడా చూపమనాలి: ఫైలు పేరు, పాత ముద్ర, కొత్త ముద్ర, సమయం. వాటిని మనిషి స్వయంగా సర్వరులో సరిచూసుకోవచ్చు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత ఏజెంటు ఇలా చెప్పిందనుకొందాం: "రాత్రి 11 గంటల 40 నిమిషాలకు ఒక అడంగలు ఫైలు ముద్ర మారింది. పరిమాణం మారలేదు. చివరి పరిశీలన తెల్లవారుజామున 4 గంటలకు పూర్తయింది." ఇది నేరమా? ఇంకా తెలియదు. కోర్టు తీర్పు ప్రకారం సరైన దిద్దుబాటు కావచ్చు. ముద్ర మార్పును చెబుతుంది, మార్పు న్యాయమో అన్యాయమో చెప్పదు. ఆ రాత్రి ఎవరు లోపలికి వచ్చారు, ఏ ఉత్తర్వు మీద వచ్చారు అని అడగవలసినది అధికారి. కరణం రోజుల నాటి పొడి సంతకం కోసం వెతకడమే అది.

ఇక మీకొక లెక్క. మన పాల వరస 7, 4, 9, 3, 6కు మూడో గుర్తు కూడా పెడదాం. ఒక్కొక్క రోజు పాలను ఆ రోజు సంఖ్య వర్గంతో, అంటే 1, 4, 9, 16, 25తో గుణించి కూడండి. 7 + 16 + 81 + 48 + 150 = 302. ఇప్పుడు గుర్తులు మూడు: 29, 84, 302. ఈ మూడింటినీ ఒకేసారి మోసగించే మరో వరస ఉన్నది; అందులో అయిదో రోజు 6 లీటర్లు అలాగే ఉంటుంది, ఏ రోజూ సున్నా రాదు. కాగితం, పెన్సిలు తీసుకొని వెతకండి. దొరికిన తర్వాత, నాలుగో గుర్తు పెడితే ఏమవుతుందో కూడా చూడండి.